ముందు ఎక్కినవాళ్ళదే వంతెన

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో జాకెట్లు కుట్టడానికి ఇచ్చి ఇంటికి వస్తుంటే మా ఆటో ఒక సందులో ఇరుక్కుపోయింది. ఎదురుగా ఒక తెల్లకారు. రెండు పక్కలా గోడకు ఆనించి నిలబెట్టిన స్కూటర్లు, వాటి మధ్య కొబ్బరిబోండాల బండి. కారాయన అద్దం దించి, చెయ్యి బయటపెట్టి, ఈగను తోలినట్టు మమ్మల్ని వెనక్కి పొమ్మంటున్నాడు. మా ఆటో ఆయన ఇంజను ఆపేసి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఇద్దరి వెనకా హారన్లు మొదలయ్యాయి. నేను దిగాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ సిటీబస్సులో కండక్టరుగా చేసినదాన్ని, నేను రిటైరయ్యాను గానీ నా గొంతు ఇంకా డ్యూటీలోనే ఉంది. “సందులకు ముందు ఎవరొచ్చిన్రు?” అని అడిగాను. కారాయన నన్ను ఎగాదిగా చూశాడు. “ముందేంది, ఎనకేంది అమ్మా? ఆటోనే కద, జర ఎనక్కి తియ్యమనుండ్రి” అన్నాడు. ఆటోనే కద అన్న మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. చివరికి బోండాలాయన తన బండిని ఎవరి గేట్లోకో తోసి దారి ఇస్తే ఇద్దరం బయటపడ్డాం. ఎల్బీనగర్ దాటి వనస్థలిపురం చేరేదాకా నేను గొణుగుతూనే ఉన్నాను. మా ఊరి వంతెన మీద ఇటువంటి మాట చెల్లదు అని ఆటో ఆయనకు చెప్పాను. ఏ వంతెన అని ఆయన అడగలేదు. అడగకపోయినా చెప్పడం నాకు అలవాటే కనుక, ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మాది నల్లగొండ వైపు, మూసీ ఒడ్డున ఊరు. ఊరికీ అవతలి ఒడ్డుకూ మధ్య ఒక పాత కమాన్ల వంతెన ఉంది. నిజాం జమానాలో కట్టింది. మా గుట్ట రాయే కొట్టి, గానుగలో తిప్పిన సున్నంతో కట్టారని, సున్నం తొక్కిన ఎడ్లలో ఒక జత తమదేనని మా తాత చెప్పేవాడు. ఆ ఎడ్ల రంగూ, కొమ్ముల వంపూ కూడా చెప్పేవాడు గానీ, వంతెన కట్టేనాటికి తాత పుట్టాడా లేదా అన్నది మాత్రం మేమెవరం అడిగే సాహసం చేయలేదు. వంతెన ఎత్తు తక్కువ. పిట్టగోడలు లేవు, అంచున వరసగా మోకాలెత్తు రాతి కనీలు పాతి ఉంటాయి, అంతే. వానాకాలం ఏరు పొంగితే నీళ్ళు వంతెన పైనుంచి పోతాయి. పిట్టగోడ కట్టి ఉంటే ఏరు దాన్ని ఏనాడో ఊడ్చుకుపోయేదనీ, కట్టినవాడికి ఆ తెలివి ఉందనీ పెద్దవాళ్ళు అనేవాళ్ళు. నీళ్ళు తీసిన మర్నాడు కనీల చుట్టూ చిక్కుకున్న తుంగ, పాత చెప్పులు, ఎవరి పెరట్లోంచో కొట్టుకొచ్చిన సొరకాయలు ఏరుకోవడానికి ఊరంతా అక్కడే ఉండేది. అదే మూసీ ఎగువన నాగోలు దగ్గర పట్నం మురికినంతా మోసుకుని మా దగ్గరికి వస్తుందని నాకు ఉద్యోగంలో చేరాక గానీ తెలియలేదు. పట్నం మాకు నురగ పంపేది, మేం పట్నానికి ఆకుకూరలు పంపేవాళ్ళం. ఈ బేరంలో ఎవరు మోసపోయారో చెప్పనక్కర్లేదు.

ఆ వంతెన మీద రెండు బండ్లు పక్కపక్కన పట్టవు. ఒక బండి పోతుంటే అవతలి నుంచి మనిషి వచ్చినా కనీ మీద కాలుపెట్టి ఒదిగి నిలబడాలి. నెత్తిన గంప ఉంటే అదీ కుదరదు. అందుకని వంతెనకు ఒక కట్టుబాటు ఉండేది. ఎక్కేముందు చివర నిలబడి “ఎక్కుతున్నా!” అని గట్టిగా కేక వేయాలి. అవతల ఎవరూ బదులు పలకకపోతే ఎక్కాలి. ఎక్కాక ఇక వంతెన వాళ్ళదే, దిగేదాకా. తర్వాత వచ్చినవాడు ఎంతటివాడైనా ఒడ్డున ఆగాలి, తొందరపడి ఎక్కితే వెనక్కి దిగాలి. బండికి కట్టిన ఎడ్లు వెనక్కి నడవలేవు కాబట్టి ఈ పద్ధతి పుట్టి ఉంటుంది. పుట్టాక మాత్రం అది మా ఊరి పౌరుషమైపోయింది. ఒకసారి ఎవరో పెద్దాఫీసరు జీపు, అవతలి నుంచి బర్రెలను తోలుకొస్తున్న ముసలామె కోసం వెనక్కి దిగిందట. ఆ ముచ్చట మా తాత చెప్పినన్నిసార్లు ఆ జీపులో ఆ పెద్దాఫీసరు కూడా తిరిగి ఉండడు. ఒక్కోసారి చెప్పినప్పుడు ఒక్కో బర్రె పెరిగేది. “హోదా ఒడ్డు మీద. వంతెన మీద ముందెవరెక్కిన్రు, గదే లెక్క” అని మీసం మీద చెయ్యి వేసి ముగించేవాడు.

ఇక మా అత్త. మా నాన్నకూ పెద్దనాన్నకూ ఒక్కగానొక్క చెల్లెలు. పెళ్ళయిన కొద్దికాలానికే మామ పోతే పుట్టింటికి వచ్చేసింది. ఏటి అవతల ఒక చెలక ముక్కా, అందులో ఒక బావీ అన్నదమ్ములు ఆమెకు వదిలారు. అత్త అందులో పాలకూర, చుక్కకూర, గోంగూర, కొత్తిమీర వేసేది. తెల్లవారక ముందే వంతెన దాటి వెళ్ళి, కూర కోసి, కట్టలు కట్టి, తడిపి, గంపకెత్తుకుని తిరిగి వంతెన దాటి ఊళ్ళోకి వచ్చేది. పొద్దున ఒకే ఒక్క బస్సు మా ఊరి చివర దాకా వచ్చి, వంతెన ఎక్కలేక అక్కడే మళ్ళి దిల్‌సుఖ్‌నగర్ పోయేది. ఆ బస్సు అందితే కూర అమ్ముడుపోతుంది, అందకపోతే బర్రెల పాలవుతుంది. అత్త బతుకంతా ఆ బస్సు మీద ఉంది. మార్కెట్లో కూర్చుని “బావినీళ్ళ కూర, మూసీనీళ్ళు గాదు” అని అరిచేది. ఆ అరుపు విని పక్కన కూర్చున్నవాళ్ళు ఆమెతో మాట్లాడటం మానేశారు, అయినా ఆమె అరవడం మానలేదు.

అయితే ఆమెకు వంతెన కట్టుబాటు కంటే ముందు ఇంకో కట్టుబాటు అడ్డం వచ్చేది. భర్త పోయిన ఆడది శుభకార్యానికి వెళ్ళేవాళ్ళకు ఎదురు రాకూడదు కదా. లగ్గాల రోజుల్లో ఎవరి ట్రాక్టరో, ఎవరి ఎడ్లబండో మంచి ఘడియ చూసుకుని వంతెన దాటుతుందని తెలిస్తే అత్త గంప దించుకుని అవతలి ఒడ్డున తుమ్మచెట్ల వెనక కూర్చునేది. వాళ్ళు ఎప్పుడు కదులుతారో వాళ్ళకే తెలియదు. బ్యాండు రాదు, పురోహితుడు రాడు, ఎవరికో అలక. ఈలోపు బస్సు వెళ్ళిపోయేది. అటువంటి పూట అత్త వాడిన కూరను ఇంటికి తెచ్చి దొడ్లో పడేసి, ఎవరితోనూ పలకకుండా చేతులు కడుక్కునేది. అటువంటి ఆడవాళ్ళను ఊరివాళ్ళు అనే ఒక మాట ఉంది. దాన్ని ఇక్కడ రాయను. అది రాసి పెట్టుకోదగిన మాట కాదు.

పెద్దనాన్న కొడుకు, అంటే మా అన్న పెళ్ళి కుదిరింది. పిల్లది ఏటి అవతల ఊరు. అన్నను చిన్నప్పుడు చంకనేసుకుని తిరిగింది అత్తే. వాడికి అన్నం తినిపించడం పెద్దమ్మ వల్ల అయ్యేది కాదు, అత్త తినిపిస్తేనే తినేవాడు. పెళ్ళికి ముందురోజు సాయంత్రం పెద్దనాన్న వాకిట్లో మంచం మీద కూర్చుని, అత్త వైపు చూడకుండా, గొంతు సవరించుకుని అన్నాడు, “రేపు పొద్దుగాల మేం దాటిపోయేదాంక అవుతలి ఒడ్డుకే ఉండు చెల్లె. ఎదురు గిట్ల రాకు.” అత్త కూర కట్టలకు తాళ్ళు చీలుస్తోంది. తల ఎత్తలేదు. “ఎప్పుడు బయల్దేరుతరు పెద్దన్నా?” అంది. “తెల్లారకముందే.” “సరే. తెల్లారినంక నా బస్సు ఉంటది. యాదికుంచుకో.” పెళ్ళికి రమ్మని ఆమెను ఎవరూ పిలవలేదు. ఇంట్లో మనిషిని పిలవడమేమిటి అని అందరూ అనుకున్నట్టు నటించారు.

తెల్లారకముందే అన్నది మా ఇంట్లో జరిగే పని కాదు. నేను అప్పటికి పెళ్ళి కావలసిన పిల్లను. పట్టులంగా ఓణీ వేసుకుని ట్రాక్టరు ట్రాలీలో ఆడవాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. అన్న నుదుటికి కట్టిన బాసింగం ఒకసారి ఊడిపోతే మళ్ళీ కట్టారు. పెద్దమ్మ తాళాలు ఎక్కడో పెట్టి మర్చిపోయి ఇల్లంతా వెతికించింది, చివరికి అవి ఆమె బొడ్లోనే దొరికాయి. ట్రాక్టరు కదిలేసరికి ఎండ ట్రాలీలోకి వచ్చింది. ముందు బ్యాండువాళ్ళు, వెనక మా ట్రాక్టరు, అందులో పెళ్ళికొడుకు కోసం వేసిన కుర్చీలో అన్న, పక్కన పెద్దనాన్న, ఒక మూల పరుపు మీద తాత. వంతెన దగ్గర బస్సు అప్పటికే వచ్చి మళ్ళి నిలబడి ఉంది. బ్యాండు చప్పుడులో ఎవరికీ ఏమీ వినబడలేదు. కేక వేయాలన్న సంగతి కూడా ఎవరికీ గుర్తు రాలేదు. బ్యాండు ఎక్కింది, దాని వెనక ట్రాక్టరు ఎక్కింది, ట్రాలీ కూడా ఎక్కింది. అప్పుడు బ్యాండు ఒక్కసారిగా ఆగిపోయింది. తల ఎత్తి చూస్తే వంతెన నడిమధ్యలో నెత్తిన గంపతో మా అత్త.

పెద్దనాన్న ట్రాలీలో లేచి నిలబడ్డాడు. “ఎనక్కి పో చెల్లె! ఎనక్కి పో!” అని అరిచాడు. అత్త కదలలేదు. “నేను ముందు ఎక్కిన పెద్దన్నా.” “గిది లగ్గం బండి! కండ్లు గనపడుతలేవా?” “లగ్గం బండైతేంది, ఆఫీసర్ జీపైతేంది. నేను ముందు ఎక్కిన.” నాకు నవ్వు ఆగలేదు, పైకే నవ్వేశాను. మా అమ్మ నా తొడ మీద గిల్లిన గిల్లుడుకు లంగా లోపల కమిలిపోయింది. ఆడవాళ్ళు అయ్యో అయ్యో అంటున్నారు. పెద్దమ్మ కొంగుతో అన్న ముఖం కప్పబోయింది, కొడుకు కంట్లో అత్త పడకుండా. ఎవరో ఒక ఉపాయం చెప్పారు. అత్త ముఖం అటు తిప్పుకుని, గంప అడ్డం పెట్టుకుని, కనీ పక్కన ఒదిగితే తాము నెమ్మదిగా పోతామని. అప్పుడు అత్తకు నిజంగా కోపం వచ్చింది. “వాడు నా చేతుల పెరిగినోడు. వాన్ని చూసి నేను మొఖం దాసుకోవాల్నా? తెల్లారకముందు పోతమన్నరు, ఆగిన. తెల్లారినంక గూడ ఆగిన. నా కూర వాడుతున్నది, నా బస్సు నిలబడ్డది. ఇంగ ఆగ.” ఇలా అని గంప దించి, వంతెన మధ్యలో, రాళ్ళ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

అందరూ తాత వైపు తిరిగారు. కన్నతండ్రి చెబితేనైనా వింటుందని వాళ్ళ ఆశ. తాతకు చెవులు కొంచెం మందం, విషయం గట్టిగా రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. తాత చాలాసేపు మీసం సవరించుకున్నాడు. ఆ జీపు ముచ్చట ఊరంతా తిరిగి చెప్పినవాడు తానే. ఇవాళ అది తన ఇంటి మీదికే వచ్చింది. “ఎక్కుతున్న అని పిలిచినవా బిడ్డా?” అని అడిగాడు. “పిలిచిన బాపూ. మీ బ్యాండుల ఇనబడలె.” తాత బ్యాండువాళ్ళను అడిగాడు. వాళ్ళు పరాయి ఊరివాళ్ళు, మా ఇంటి తగవుతో వాళ్ళకు పని లేదు. “మేం ఎక్కెటాల్లకే అమ్మ సగం ఒచ్చింది” అన్నాడు డోలు ఆయన. తాత కర్రతో ట్రాలీ అడుగును రెండు దెబ్బలు కొట్టాడు. “ట్రాక్టర్ ఎనక్కి దించుండ్రి.” పెద్దనాన్న “బాపూ, ఘడియ దాటుతది” అన్నాడు. “ఘడియ మీరు ఎప్పుడో దాటిచ్చిన్రు. దించుండ్రి.”

పిట్టగోడ లేని వంతెన మీద ట్రాలీతో ట్రాక్టరు వెనక్కి దించడమంటే మాటలు కాదు. ఆడవాళ్ళందరినీ దింపేశారు. పట్టుచీరలు ఎత్తి పట్టుకుని, పూలజడలతో, ట్రాలీ కంటే ముందు మేమంతా ఊరివైపు నడిచాం. అన్న మాత్రం కుర్చీ దిగకూడదు కాబట్టి బాసింగంతో ఒక్కడే ట్రాలీలో వెనక్కి వెనక్కి వస్తున్నాడు. బ్యాండు ఆగితే అపశకునం అని ఎవరో అనేసరికి వాళ్ళు మళ్ళీ వాయించడం మొదలుపెట్టారు. ట్రాక్టరు వెనక్కి పోతుంటే దాన్ని అనుసరిస్తూ బ్యాండు, బ్యాండు వెనక గంప నెత్తిన పెట్టుకుని మా అత్త. బస్సులోవాళ్ళంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తున్నారు. తెలియనివాడు చూస్తే ఆ బ్యాండు మా అత్త కోసమే వచ్చిందనుకునేవాడు. ఆమె ఏమీ తొందరపడలేదు. బస్సు హారన్ కొడుతున్నా రోజూ నడిచే నడకే నడిచింది.

వంతెన దిగి ట్రాలీ పక్కనుంచి పోతుంటే అన్న పిలిచాడు, “అత్తా, దీవించకుండనే పోతున్నవా?” అని. అత్త ఆగింది. గంప నుంచి కారిన నీళ్ళతో తడిసిన చెయ్యి కొంగుకు తుడుచుకుని, ట్రాలీ అంచు పట్టుకుని మునివేళ్ళ మీద లేచి, ముందుకు వంగిన వాడి తల మీద చెయ్యి పెట్టింది. బాసింగం మళ్ళీ పక్కకు జరిగింది. “సల్లగుండు బిడ్డా” అంది. పెద్దమ్మ గట్టిగా ఏడ్చింది, తాత ముక్కు చీదాడు. అత్త బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్ పోయింది. ఆ రోజు కూర మొత్తం అమ్ముడుపోయిందని సాయంత్రం ఎవరూ అడగకుండానే చెప్పింది.

ఆ తర్వాత మా ఇంట్లో ఏది జరిగినా కారణం మా అత్తే అయింది. బోరు మోటరు కాలితే అత్త ఎదురు. బర్రె తన్నితే అత్త ఎదురు. అన్న కొడుకు పదో తరగతి తప్పినా ఆ పూట వంతెన మీద జరిగిందానికి ముడిపెట్టారు, వాడు సినిమాలు చూసిన సంగతి ఎవరికీ పట్టలేదు. పెద్దమ్మ ఆమెతో మాట్లాడటం పూర్తిగా మానేసింది. అత్త మాత్రం అన్నిటికీ ఒకటే అనేది, “నా సూపుకు గంత కరెంటు ఉంటే మోటర్ ఎందుకు, నన్నే బాయికాడ నిలబెట్టుకోండ్రి.” ఏ ఒక్క రోజూ ఆమె తుమ్మచెట్ల వెనక మళ్ళీ కూర్చోలేదు. ఎక్కుతున్నా అని కేకేసేది, ఎక్కేది. లగ్గాలవాళ్ళే ఆమె దాటేదాకా ఆగి బయలుదేరడం నేర్చుకున్నారు. అది ఆమె మీద గౌరవం కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా బస్సు అందింది కదా, నాకు అదే చాలనిపించేది. నేను కండక్టరు పనికి దరఖాస్తు పెట్టుకుంటానన్నప్పుడు ఆడదానికి ఆ పనేంది అని అందరూ అంటే, “పో, బస్సు ఆపే పని మంచిదే” అన్నది ఆమె ఒక్కతే.

అన్నకు పిల్లలు ఎదిగారు. కాపురం సాఫీగానే సాగింది, ఇద్దరూ రోజూ పోట్లాడుకుంటూ ఒకరిని విడిచి ఒకరు ఉండలేని రకం. ఒకనాడు ఛాతీలో నొప్పి అని అన్నను పట్నం దవాఖానకు తీసుకొచ్చారు. తీసుకుపోయేటప్పుడు వదినకు మొగుడున్నాడు, తెచ్చేటప్పుడు లేడు. పదకొండో రోజు కార్యం అయ్యాక ఇంటి ముందు పందిరి కింద ఆడవాళ్ళంతా కూర్చుని ఉన్నాం. అత్త అప్పటికి బాగా ముసలిదైపోయింది, అయినా కూర గంప మానలేదు. ఒక గుంజకు ఆనుకుని దూరంగా కూర్చుంది, ఎత్తుకు పెంచినవాడు పోయాడని ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. అటువంటి సమయంలో కూడా ఒకామె అనేసింది, “ఆనాడు లగ్గం బండికి ఎదురొచ్చిన ఫలితం గిప్పుడు తగిలె” అని. అత్త తల దించుకుంది. జీవితంలో మొదటిసారి ఆమె తల దించుకోవడం చూశాను. వదిన లేచింది. లోపలే కూర్చోవాల్సిన మనిషి, గడప దాటి పందిట్లోకి వచ్చింది. అందరూ ఆమె నోటి నుంచి శాపం వస్తుందని చూస్తున్నారు. వదినకు అత్త చిన్నమ్మ వరస. వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చుని, అందరికీ వినబడేట్టు అంది, “చిన్నమ్మా, రేపు పొద్దుగాల నన్ను గూడ లేపు. కూర కోయనీకె ఒస్తా.”

అత్త ఆమె ముఖంలోకి చూసింది. “ఊరోళ్ళు ఊకుంటరా బిడ్డా?” “వంతెన ఎక్కెటప్పుడు పిలుస్త. ఇననోళ్ళు ఎనక్కి దిగుతరు.” మర్నాడు తెల్లవారకముందే ఇద్దరూ వెళ్ళారు. తెల్లారాక రెండు గంపలు వంతెన మీదుగా వచ్చాయి. ఏడాది పాటు ఇల్లు కదలకూడదని పెద్దవాళ్ళు చెప్పినది వదిన వినలేదు. ఆ కేకకు ఊళ్ళో ఎవరూ ఏమీ అనలేకపోయారు, ఎందుకంటే అది వాళ్ళ తాతల నాటి కట్టుబాటే.

అత్త ఇప్పుడు లేదు. ఏటికి పైన నాలుగు కార్లు పక్కపక్కన పోయేంత కొత్త వంతెన వేశారు. పాత వంతెన మీద ఇప్పుడు మేకలు తిరుగుతాయి, ఏరు పొంగినప్పుడు మునుగుతుంది, తీసినప్పుడు లేస్తుంది. వదిన నాగోలులో కొడుకు దగ్గర ఉంటోంది. ఆమె కూతురి పెళ్ళి ఎల్బీనగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. అప్పగింతల వేళ ఎవరో “జర మీరు లోపల ఉండండి” అన్నారు. వదిన వినబడనట్టు నడుచుకుంటూ వెళ్ళి పువ్వులు కట్టిన కారు ముందు నిలబడి కూతుర్ని సాగనంపింది. నేను కూడా వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను. మా ఆయన పోయి నాకూ కొన్నేళ్ళయింది. మమ్మల్ని తప్పించి కారు తిప్పడానికి అక్కడ చోటు చాలా ఉంది, అయినా డ్రైవరు మేం తప్పుకునేదాకా ఆగాడు. వంతెన మీద అత్త కూర్చున్నది ఒక పూట. లెక్కేస్తే గడియసేపు కూడా ఉండదు. మా ఇంటి ఆడవాళ్ళకు మాత్రం ఆ పూట ఇంకా గడవలేదు.